33 పాయింట్లు కూడా సరిపోని వారం: ఎన్‌ఎఫ్‌ఎల్ 15వ వారం మీద చర్చ

నాలుగోడౌన్
సోమవారం, డిసెంబర్ 19, 2022, ఉదయం 7:15

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 15వ వారం గురించి మాట్లాడుకుందాం రండి. ఇవాళ రాత్రి గ్రీన్ బేలో ప్యాకర్స్, ర్యామ్స్ మ్యాచ్ ఒక్కటే మిగిలింది. అదయ్యేదాకా ఆగడం నావల్ల కాలేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఒకే వారాంతంలో ఇన్ని మ్యాచ్‌లు చివర్లో తిరగబడటం నాకు గుర్తులేదు.

శనివారం మినియాపొలిస్‌లో హాఫ్ టైమ్‌కి కోల్ట్స్ 33-0తో ముందున్నారు. ఓవర్‌టైమ్, అంటే అదనపు సమయం, ముగిసేసరికి స్థానిక జట్టు వైకింగ్స్ 39-36తో గెలిచారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇంత లోటు పూడ్చి గెలిచిన జట్టు ఇప్పటిదాకా లేదు. అదే రాత్రి బఫెలో మంచులో బిల్స్ ఆఖరి కిక్‌తో మయామిని 32-29తో ఓడించారు. ఆదివారం డాలస్ కౌబాయ్స్ 27-10 ఆధిక్యం నుంచి జారి జాక్సన్‌విల్ జాగ్వార్స్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 40-34తో ఓడింది. టంపాలో టామ్ బ్రేడీ జట్టు 17-0తో ముందుండి సిన్సినాటి బెంగాల్స్‌కి 34-23తో మ్యాచ్ అప్పగించింది. ఇక లాస్ వేగస్‌లో రైడర్స్ మీద బోస్టన్ జట్టు పేట్రియట్స్ చేసిన పని గురించి బోస్టన్ వాళ్లే రాయాలి.

నా మాట ముందే చెప్తాను. ఓడిన జట్లలో చాలావరకు ఆధిక్యం రాగానే ఆట ఆపేశాయి. గడియారం కరిగితే చాలనుకున్నాయి. తప్పు కోచ్‌లదే. మీరేమంటారు?

మిన్నెసోటా_చలిమంట
ఉదయం 7:52

సగం ఒప్పుకుంటాను అన్నా, సగం ఒప్పుకోను. శనివారం నేను యూఎస్ బ్యాంక్ స్టేడియంలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటి సగంలో మావాళ్లు ఏం ముట్టుకున్నా బెడిసికొట్టింది. మా పంట్ (బంతిని అవతలివాళ్లకి దూరంగా తన్ని వదిలేయడం) బ్లాక్ చేసి టచ్‌డౌన్ కొట్టారు, అంటే బంతిని మైదానం చివర ఎండ్‌జోన్‌లోకి చేర్చారు. మా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) కజిన్స్ విసిరిన పాస్ కోల్ట్స్ ఆటగాడు జూలియన్ బ్లాక్‌మన్ చేతికి చిక్కి ఇంకో టచ్‌డౌన్ అయింది. మధ్యలో నాలుగు ఫీల్డ్ గోల్స్, అంటే స్తంభాల మధ్యకి కొట్టే కిక్‌లు. హాఫ్ టైమ్‌కి ఆటగాళ్లు లోపలికి వెళ్తుంటే సొంత జనమే 'బూ' అని అరిచారు. మా వరుసలో కొందరు కోట్లు తొడుక్కుని వెళ్లిపోయారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం ఒక్క టచ్‌డౌన్ అయినా చూడకుండా కదలనని భీష్మించుకున్నాడు.

లాకర్ రూమ్‌లో మా పాట్రిక్ పీటర్సన్ 'ఐదు టచ్‌డౌన్లు కొడితే చాలు' అన్నాడట. వెటకారమేమో అనుకున్నానని కజిన్స్ మ్యాచ్ అయ్యాక చెప్పాడు. సరిగ్గా ఐదే కొట్టారు. ఆస్బోర్న్, హామ్, జెఫర్సన్, థీలెన్, కుక్. మధ్యలో కోల్ట్స్‌కి వచ్చింది ఒక్క ఫీల్డ్ గోల్.

కుక్ టచ్‌డౌన్ గురించి తప్పకుండా చెప్పాలి. అప్పుడు 36-28. రెండున్నర నిమిషాల ఆట ఉంది. కోల్ట్స్‌కి నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం), గజం దూరం. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్ స్నీక్‌కి వెళ్లాడు, అంటే తనే బంతితో ముందుకి తోసుకెళ్లాడు, మా లైన్ కదల్లేదు. బంతి మాది. మొదటి ప్లే స్క్రీన్ పాస్. కోల్ట్స్ రషర్లు కజిన్స్ మీదికి దూసుకొచ్చేసరికి, వాళ్ల తలల మీదుగా బంతిని మెల్లగా కుక్‌కి వదిలాడు. కుక్ ముందు పెద్ద పెద్ద బ్లాకర్లు, వాళ్ల ముందు ఖాళీ మైదానం. 64 గజాలు! తర్వాత హాకెన్సన్ పట్టిన రెండు పాయింట్ల కన్వర్షన్‌తో 36-36. ఆ శబ్దం పైకప్పు ఉన్న స్టేడియంలో ఎలా ఉంటుందో రాసి చెప్పలేను. పక్కన పెద్దాయన నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు, ఆయన పేరు కూడా నాకు తెలీదు.

ఓవర్‌టైమ్‌లో మూడు సెకన్లు మిగిలి ఉండగా గ్రెగ్ జోసెఫ్ 40 గజాల కిక్. అది తప్పితే డ్రా అయ్యేది.

కోల్ట్స్ ఆట ఆపేశారన్నావు. ఆపేస్తే ఒకటి రెండు డ్రైవ్‌లు (బంతితో వరస దాడులు) దొరుకుతాయి. ఐదు టచ్‌డౌన్లు ఎవరూ దానం చేయరు. కజిన్స్ 460 గజాలు విసిరాడు, ఆస్బోర్న్ ఒక్కడే 157 గజాలు పట్టాడు. ఆ ఘనత వాళ్లకి ఇవ్వాలి.

విశాఖ_ఉదయం
ఉదయం 8:05

నేను విశాఖలో ఉంటాను, ఈ సీజన్ నుంచే చూస్తున్నాను. ఆ మ్యాచ్ మాకు శనివారం రాత్రి పదకొండున్నరకి మొదలైంది. నాకో సందేహం. 36-7తో ముందున్న జట్టు బంతి దగ్గర పెట్టుకుని కూర్చుంటే టైమ్ దానంతటదే అయిపోదా? కోల్ట్స్ ఎందుకలా చేయలేకపోయారు?

ఓహాయో_అక్క
ఉదయం 8:31

మంచి ప్రశ్న తమ్ముడూ. అలా కూర్చోనివ్వరు. నాలుగు డౌన్లలో పది గజాలు వెళ్లాలి, లేకపోతే బంతి వదులుకోవాలి. బంతి పట్టుకుని పరిగెత్తి మైదానం లోపల పడిపోతే గడియారం తిరుగుతూనే ఉంటుంది, తర్వాతి స్నాప్‌కి (ప్లే మొదలుపెట్టడానికి) దాదాపు 40 సెకన్లు తీసుకోవచ్చు. పాస్ ఎవరికీ అందకపోతే గడియారం ఆగుతుంది. అందుకే ముందున్న జట్టు పరిగెత్తడానికే చూస్తుంది. ఆ సంగతి అవతలి డిఫెన్స్‌కీ తెలుసు కదా, అందరూ ముందుకొచ్చి నిలబడతారు. మూడు రన్‌లు, ఆరేడు గజాలు, పంట్. రెండు నిమిషాలు కరిగించి బంతి చేతిలో పెట్టినట్టే. మన వన్డేల్లో గెలిచే మ్యాచ్‌ని 35వ ఓవర్ నుంచి డిఫెన్స్ ఆడి చివరికి పీకలమీదికి తెచ్చుకునే జట్లని చూశాం కదా, అచ్చం అదే.

పైగా కోల్ట్స్ ప్రధాన రన్నింగ్ బ్యాక్ జొనాథన్ టేలర్ ఆట మొదట్లోనే చీలమండ గాయంతో బయటికెళ్లిపోయాడు. అతను ఉండి ఉంటే ఆ నాలుగో డౌన్ గజం వచ్చేదేమో.

గడియారాన్ని సరిగ్గా ఎలా వాడాలో చూడాలంటే ఆ రాత్రే జరిగిన బఫెలో మ్యాచ్ చూడు. 29-29. దాదాపు ఆరు నిమిషాల ఆట ఉంది. బిల్స్ తమ 7 గజాల గీత దగ్గర మొదలుపెట్టారు. మంచు బాగా పడుతోంది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ కాసేపు విసిరాడు, కాసేపు పరిగెత్తించాడు. 15 ప్లేలు, 86 గజాలు. టైలర్ బాస్ 25 గజాల కిక్ కొట్టేసరికి గడియారంలో సున్నా. మయామికి మళ్లీ బంతి ముట్టుకునే అవకాశమే రాలేదు. ఈ వారం మొత్తంలో నాకు బాగా నచ్చిన డ్రైవ్ అదే. కుక్ 64 గజాల పరుగు కన్నా కూడా.

మావాళ్ల సంగతి కూడా చెప్పాలి. నేను సిన్సినాటి దగ్గర ఉంటాను. టంపాలో 17-0 వెనకబడ్డాక ఇంట్లో అందరూ టీవీ ముందు నుంచి లేచిపోయారు. రెండో సగంలో టంపా ఫేక్ పంట్ (తన్నినట్టు నటించి ఆడటం) బెడిసింది, తర్వాత బ్రేడీ వరసగా నాలుగుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. మా క్వార్టర్‌బ్యాక్ బరో నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. బెంగాల్స్ ఇప్పుడు 10-4, అంటే పది గెలుపులు, నాలుగు ఓటములు. పోయిన ఏడాది సూపర్ బౌల్‌కి, అంటే ఫైనల్‌కి, వెళ్లింది అదృష్టం కొద్దీ అన్నవాళ్లు ఇప్పుడు చెప్పాలి.

ఫ్రిస్కో_స్టార్
ఉదయం 9:10

నిన్నటినుంచీ మనసు బాగాలేదు. మాది ఫ్రిస్కో, కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే 'ద స్టార్' మా ఇంటికి దగ్గరే. మా అపార్ట్‌మెంట్లలో సగం తెలుగువాళ్లమే. ఆదివారం పొద్దున అందరం కలిసి అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ చూశాం. మెస్సీ కప్పు ఎత్తుతుండగానే ఛానల్ మార్చి కౌబాయ్స్ పెట్టాం. ఆ ఊపులో 27-10 అయ్యేసరికి పిల్లలు గంతులు.

తర్వాత జాగ్వార్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ మమ్మల్ని ఆడుకున్నాడు. నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు, అందులో మూడు జే జోన్స్‌కే. 31-27తో వాళ్లు ముందుకెళ్లారు. మళ్లీ మేం 34-31. ఒకటిన్నర నిమిషం ఉండగా లారెన్స్ బంతి జారవిడిచాడు, మాకు దొరికింది. అంటే మ్యాచ్ అయిపోయింది! ఒక్క ఫస్ట్ డౌన్ (ఇంకో పది గజాలు) చాలు.

మూడో డౌన్ పది గజాలు కావాలి. మా కోచ్ మెకార్థీ పాస్ పిలిచాడు. అందలేదు. గడియారం ఆగింది. పంట్ చేశాం. జాగ్వార్స్ పరిగెత్తుకొచ్చి రైలీ ప్యాటర్సన్ 48 గజాల కిక్‌తో సమం చేశారు. ఓవర్‌టైమ్‌లో మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ పాస్ మా నోవా బ్రౌన్ చేతుల్లో తగిలి పైకి లేచింది, జాగ్వార్స్ ఆటగాడు రేషాన్ జెంకిన్స్ అందుకుని 52 గజాలు పరిగెత్తి ఎండ్‌జోన్‌లోకి.

నేను బ్రౌన్‌ని తిట్టను, డాక్‌నీ తిట్టను. ఆ మూడో డౌన్ పాస్ మీదే నా కోపమంతా. పరిగెత్తి ఉంటే వాళ్ల టైమ్‌అవుట్ పోయేది, లేదా 40 సెకన్లు పోయేవి. ఆ సెకన్లే ఆ కిక్ దాకా తీసుకొచ్చాయి.

నాలుగోడౌన్
ఉదయం 9:24

ఇక్కడ నేను మెకార్థీ పక్షం. ఫస్ట్ డౌన్ వస్తే మ్యాచ్ ముగిసేది. గెలుపు నీ చేతిలో ఉన్నప్పుడు దానికోసం వెళ్లడమే సరైన ఆట. నేను పైన చెప్పింది కూడా అదే. ఆడటం ఆపకూడదు.

ఫ్రిస్కో_స్టార్
ఉదయం 9:31

వెళ్లాలి అన్నా, కాదనను. కానీ మూడో డౌన్‌కి పది గజాలు మిగలడం ఎవరి తప్పు? మొదటి రెండు డౌన్లలో ఫస్ట్ డౌన్ కోసం వెళ్లేంత ధైర్యం ఎందుకు చూపలేదు? రెండుసార్లు లోపలికి పరిగెత్తించి ఏమీ రాకపోయాక, మూడోసారి దూరంగా విసిరితే దాన్ని ధైర్యం అనను. మొదటి డౌన్‌లోనే చిన్న పాస్ వేసి ఐదు గజాలు తెచ్చుకుంటే, మూడో డౌన్ తేలికయ్యేది.

మా అబ్బాయి స్కూల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడతాడు, పన్నెండేళ్లు. వాడు అదే అడిగాడు, 'డాడీ, ఫస్ట్ డౌన్‌లో ఎందుకు వెయ్యలేదు?' అని.

ఓహాయో_అక్క
ఉదయం 9:40

మీ అబ్బాయి కోచ్ అవుతాడు, రాసి పెట్టుకోండి.

నేనూ మీతోనే. ఎదుటివాళ్లు రన్ కోసం కాచుకుని ఉన్నప్పుడు మొదటి డౌన్‌లో పాస్ వేస్తేనే సులువు. చివరిదాకా అట్టిపెట్టుకుంటే వాళ్లు పాస్ కోసమే కాచుకుంటారు.

బే_ఏరియా_నైనర్
ఉదయం 10:02

గురువారం మ్యాచ్ ఎవరూ ఎత్తట్లేదు! సియాటిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నైనర్స్ 21-13తో గెలిచి తమ డివిజన్ ఎన్‌ఎఫ్‌సీ వెస్ట్‌లో మొదటి స్థానం ఖాయం చేసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ, ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) 262వ, అంటే చిట్టచివరి ఎంపిక. ముందు ట్రే లాన్స్, తర్వాత గరాపోలో గాయపడితే ఇతనికి అవకాశం వచ్చింది. ఆ స్టేడియంలో ఆ గోలలో, పక్కటెముకల నొప్పితో ఆడుతూ, ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా ఇవ్వకుండా (పాస్ ప్రత్యర్థికి చిక్కనివ్వకుండా) జార్జ్ కిటిల్‌కి రెండు టచ్‌డౌన్లు అందించాడు. ఆధిక్యం నిలబెట్టుకోవడం ఎలాగో చూడాలంటే ఇది చూడండి. డిఫెన్స్ గట్టిగా ఉంటే కోచ్‌కి భయం ఉండదు.

బోస్టన్_పాతకాపు
ఉదయం 10:45

నన్ను రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా పేట్రియట్స్‌ని చూస్తున్నాను. అంత చెడ్డ చివరి ప్లే నేను చూడలేదు.

హాఫ్ టైమ్‌కి 17-3తో వెనకబడ్డాం. రెండో సగంలో మా డగర్ ఇంటర్‌సెప్షన్‌ని టచ్‌డౌన్ చేశాడు, స్టీవెన్సన్ పరుగులు తీసి 24-17 ముందుకు తీసుకెళ్లాడు. స్టీవెన్సన్ ఆ రోజు 172 గజాలు పరిగెత్తాడు. ఆ మ్యాచ్‌లో అందరికన్నా మిన్నగా ఆడింది అతనే. 32 సెకన్లు ఉండగా రైడర్స్ ఆటగాడు కీలన్ కోల్ 30 గజాల టచ్‌డౌన్ పట్టాడు. అతని ఎడమ కాలు తెల్ల గీతని తాకినట్టే నాకు కనిపించింది, రీప్లేలో ఎంతసేపు చూసినా మార్చడానికి తగిన ఆధారం లేదన్నారు. సరే, 24-24. ఓవర్‌టైమ్.

కానీ ఓవర్‌టైమ్ రాలేదు. ఆఖరి ప్లే. స్టీవెన్సన్‌కి బంతి ఇచ్చారు, అతను 23 గజాలు పరిగెత్తాడు. అక్కడ పడిపోతే ఓవర్‌టైమ్. కానీ వెనక్కి తిరిగి మా జకోబీ మేయర్స్‌కి లేటరల్ (పక్కకి లేదా వెనక్కి పాస్) ఇచ్చాడు. మేయర్స్ చుట్టూ రైడర్స్. అతను మైదానానికి అడ్డంగా, వెనక్కి, చాలా దూరం విసిరాడు. అక్కడ మా క్వార్టర్‌బ్యాక్ మాక్ జోన్స్ ఒక్కడే ఉన్నాడు. అతని ముందు రైడర్స్ ఆటగాడు చాండ్లర్ జోన్స్. బంతి చాండ్లర్ చేతుల్లో పడింది. మాక్ అడ్డం వెళ్లాడు, చాండ్లర్ ఒక్క చేత్తో అతన్ని నేలకి తోసేసి, 48 గజాలు ఒంటరిగా పరిగెత్తాడు. 30-24.

చాండ్లర్ జోన్స్‌ని 2012లో డ్రాఫ్ట్ చేసింది మేమే. రైడర్స్ కోచ్ మెక్‌డేనియల్స్ ఏళ్ల తరబడి మా దగ్గర పనిచేసినవాడే. ఇవన్నీ కలిసి ఆ దెబ్బని ఇంకా లోతుగా దించాయి.

అతిగా చేయబోయానని మేయర్స్ తనే చెప్పాడు. అతన్ని నేను నిందించను. ఆ తప్పంతా తనమీద వేసుకున్నాడు, అది చిన్న విషయం కాదు. నా బాధ మా కోచ్ బెలిచిక్ జట్టు గురించి. ఏ పరిస్థితిలో ఏం చేయాలో ప్రతి ఆటగాడికీ నూరిపోయడంలో ఆయనని మించినవాడు లేడని ఇన్నేళ్లూ నమ్మాం. స్కోరు సమంగా ఉంది, టైమ్ అయిపోయింది, బంతి పట్టుకుని పడిపోవాలి. ఆ మాత్రం మైదానంలో ఉన్న పదకొండు మందికీ తెలిసి ఉండాలి.

విశాఖ_ఉదయం
ఉదయం 10:58

సార్, మాకు అది సోమవారం తెల్లవారుజామున వచ్చింది. ఆ క్లిప్ ఒక్కటీ మా ఆఫీసు గ్రూప్‌లో పెట్టాను. ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా అసలేం జరిగిందో చెప్పమని నన్ను అడిగారు. మీ పోస్ట్ చదివాక ఇప్పుడు సరిగ్గా చెప్పగలను.

మిన్నెసోటా_చలిమంట
ఉదయం 11:06

పాతకాపు గారూ, రైడర్స్ వైపు నుంచి కూడా చూడండి. ఈ సీజన్‌లోనే వాళ్లు 17, అంతకన్నా ఎక్కువ ఆధిక్యాలు మూడుసార్లు పోగొట్టుకున్నారు. కార్డినల్స్ మీద 20-0, చీఫ్స్ మీద 17-0, జాగ్వార్స్ మీద 17-0. నిన్న 14 పాయింట్ల ఆధిక్యం కూడా పోగొట్టుకునేవాళ్లే.

జెర్సీ_జయింట్
మధ్యాహ్నం 12:20

నిన్న రాత్రి మ్యాచ్ మావాళ్లు జయింట్స్‌ది. వాషింగ్టన్ మీద 20-12. అందరూ రెఫరీల గురించే మాట్లాడుతున్నారు, నాకు బాధగా ఉంది. ముందు ఆట గురించి మాట్లాడాలి. కేవాన్ టిబడో వాషింగ్టన్ గోల్ లైన్ దగ్గరే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ హైనికీ చేతిలోంచి బంతి కొట్టేసి, తనే తీసుకుని టచ్‌డౌన్ చేశాడు. తర్వాత మా ఆఫెన్స్ 18 ప్లేల్లో 97 గజాలు వెళ్లి ఇంకో టచ్‌డౌన్. ఓహాయో అక్క చెప్పిన బిల్స్ డ్రైవ్ లాంటిదే. ఆ రెండూ లేకపోతే ఆఖరి నిమిషం గొడవే ఉండేది కాదు.

నాలుగోడౌన్
మధ్యాహ్నం 12:41

ఆట బాగా ఆడారు తమ్ముడూ, ఎవరూ కాదనరు. కానీ ఆఖరి నిమిషం వదిలెయ్యలేం. వాషింగ్టన్ గజం దూరంలో ఉంది. బ్రయన్ రాబిన్సన్ టచ్‌డౌన్ చేశాడు. టెరీ మెక్‌లారిన్ లైన్ మీద లేడని ఇల్లీగల్ ఫార్మేషన్ (తప్పు వరస) కింద పెనాల్టీ ఫ్లాగ్ వేసి రద్దు చేశారు. స్నాప్‌కి ముందు మెక్‌లారిన్ పక్కనున్న అఫీషియల్ వైపు చూసి తన స్థానం సరిచూసుకోవడం టీవీలో స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాత నాలుగో డౌన్. కర్టిస్ శామ్యూల్ మీద డార్నే హోమ్స్ ముందే పడ్డాడు, చేతులు కదలనివ్వలేదు. ఫ్లాగ్ లేదు. మొదటిదానికి ఫ్లాగ్ వేసినవాళ్లు రెండోదానికి కళ్లు మూసుకుంటే ఎలా? ఈ రెండు జట్లూ ప్లేఆఫ్ కోసం నువ్వా నేనా అని పోటీ పడుతున్నాయి. ఇప్పుడు జయింట్స్ 8-5-1, వాషింగ్టన్ 7-6-1 (చివరి అంకె డ్రా).

మిన్నెసోటా_చలిమంట
మధ్యాహ్నం 12:55

మా మ్యాచ్‌లో కూడా అంతే కదా. చాండన్ సల్లివన్ రెండుసార్లు వదులైన బంతి తీసుకుని ఎండ్‌జోన్ దాకా వెళ్లాడు. రెండూ లెక్కలోకి రాలేదు, విజిల్ తొందరగా మోగించేశారు. విజిల్ ఒకసారి మోగాక రీప్లే కూడా ఆ పరుగుని తిరిగి ఇవ్వలేదు. రెండోదాని మీద అతనికి కోపమొచ్చి పెనాల్టీ కూడా పడింది. ఆ రెండూ ఇచ్చి ఉంటే ఓవర్‌టైమే ఉండేది కాదు. ఓడి ఉంటే ఇవాళ ఊరంతా వాటి గురించే మాట్లాడుకునేది.

నా అభిప్రాయం ఒకటే. బంతి వదులైందో లేదో అనుమానం ఉంటే విజిల్ ఆపి, ప్లే పూర్తి కానివ్వాలి. తర్వాత రీప్లేలో దిద్దుకోవచ్చు. ముందే ఊదితే దిద్దడానికి ఏమీ మిగలదు.

జెర్సీ_జయింట్
మధ్యాహ్నం 1:10

హోమ్స్‌ది పెనాల్టీయే. మా జట్టయినా చెప్తున్నాను, అది ఇచ్చి ఉండాల్సింది. మెక్‌లారిన్‌ది మాత్రం రూల్ ప్రకారం సరైనదే, లైన్ మీద ఏడుగురు లేరు.

నాలుగోడౌన్
సాయంత్రం 5:30

మళ్లీ కోల్ట్స్ దగ్గరికి వస్తాను, ఇందులో ఒక విషయం నన్ను వదలట్లేదు.

శనివారం దాకా ఉన్న రికార్డు 1993 జనవరి 3 నాటిది. ప్లేఆఫ్‌లో హ్యూస్టన్ ఆయిలర్స్ 35-3తో ముందుంటే, బఫెలో బిల్స్ 32 పాయింట్ల లోటు పూడ్చి ఓవర్‌టైమ్‌లో 41-38తో గెలిచారు. జిమ్ కెల్లీ గాయపడటంతో ఆ రోజు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది ఫ్రాంక్ రైక్. అదే రైక్ ఈ ఏడాది నవంబర్ మొదటి వారం దాటేదాకా కోల్ట్స్ కోచ్. ఆయన్ని తీసేసి జెఫ్ సాటర్డేని పెట్టారు. సాటర్డే గొప్ప సెంటర్ (బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి అందించే ఆటగాడు), క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్‌తో కలిసి ఆడినవాడు. కానీ కోచ్‌గా హైస్కూల్ దాటి అనుభవం లేదు, అప్పటిదాకా టీవీలో విశ్లేషకుడు. ఇక మైదానంలో మ్యాట్ రయన్. సూపర్ బౌల్‌లో అట్లాంటా 28-3 ముందుండి పేట్రియట్స్‌కి ఓడినప్పుడు క్వార్టర్‌బ్యాక్ కూడా ఆయనే.

రయన్‌ని చూస్తే నిజంగా జాలేసింది. 2016 సీజన్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు అందుకున్నాడు. శనివారం ఆయన బంతి విసిరి పోగొట్టలేదు, ఇంటర్‌సెప్షన్ ఇవ్వలేదు. అయినా ఈ రెండు ఆధిక్యాలూ ఆయన పేరుకే అతుక్కుంటాయి. రెండో సగంలో ఆ ఆఫెన్స్‌కి ఒక దారి చూపాల్సింది కోచ్. అనుభవం ఉన్న కోచ్ అయితే, 36-14 అయినప్పుడే జట్టుని కుదిపి, మొదటి డౌన్‌లో పాస్‌లు వేయించేవాడు. అందుకే కోచ్‌ల తప్పు అంటున్నాను.

బోస్టన్_పాతకాపు
సాయంత్రం 5:52

ఆ సూపర్ బౌల్‌లో మేం గెలిచినవైపు ఉన్నాం. అట్లాంటా చేసిన తప్పు దీనికి రివర్స్. ఫీల్డ్ గోల్ కొట్టే దూరంలో ఉండి, పరిగెత్తకుండా పాస్‌కి వెళ్లి, శాక్ అయ్యి (విసరకముందే క్వార్టర్‌బ్యాక్ పట్టుబడి), ఆ దూరం పోగొట్టుకున్నారు. కాబట్టి 'ఎప్పుడూ విసరాలి' అనేది కూడా సూత్రం కాదు. ఆ క్షణంలో ఏది తేలిగ్గా గజాలు ఇస్తుందో అది చూసేవాడే కోచ్.

ఫ్రిస్కో_స్టార్
సాయంత్రం 6:40

వార్త చూశారా? ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ భుజం బెణికిందట. నిన్న షికాగోలో 25-20తో గెలిచారు, మూడు టచ్‌డౌన్లు తనే పరిగెత్తి చేశాడు, చలిలో గట్టి నేల మీద పడ్డాడు. ఈగల్స్ 13-1. వచ్చే శనివారం, క్రిస్మస్ ముందు రోజు, మా ఆర్లింగ్‌టన్‌కే వస్తున్నారు. అతను ఆడకపోతే బదులుగా గార్డ్‌నర్ మిన్‌షూ ఆడతాడు.

అతను త్వరగా కోలుకోవాలి, మాకు ప్రత్యర్థి అయినా సరే. ఈ ఏడాది ఎంవీపీ రేసులో అతని ఆట చూడముచ్చటగా ఉంది.

అన్నట్టు అదే మ్యాచ్‌లో షికాగో క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ ఈ సీజన్‌లో వెయ్యి గజాల పరుగు దాటాడు. అంతకుముందు మైకేల్ విక్, లామార్ జాక్సన్ మాత్రమే చేసిన పని.

విశాఖ_ఉదయం
మంగళవారం, అర్ధరాత్రి దాటాక 12:15

ప్యాకర్స్ 24-12 గెలిచారు. పోయిన ఏడాది చాంపియన్ ర్యామ్స్‌కి ప్లేఆఫ్ దారి మూసుకుపోయింది. ఈ మ్యాచ్‌లో మాత్రం తిరగబడటం ఏమీ లేదు.

ఇంకో ప్రశ్న. వైకింగ్స్ 11-3 అంటున్నారు, మళ్లీ చాలామంది వాళ్లని నమ్మలేం అంటున్నారు. ఎందుకు?

ఫ్రిస్కో_స్టార్
మంగళవారం, ఉదయం 7:20

ఎందుకంటే నవంబర్‌లో అదే స్టేడియంలో మేం వాళ్లని 40-3తో ఓడించాం తమ్ముడూ. వాళ్ల 11 గెలుపుల్లో పది ఒక్క స్కోరు (ఎనిమిది పాయింట్లు మించని) తేడాతో వచ్చినవే. అలాంటి మ్యాచ్‌లు ఒక్కటి కూడా ఓడలేదు. ఓడిన మూడూ పెద్ద తేడాతో ఓడారు. జనవరిలో ఇలా ప్రతిసారీ చివరి కిక్ మీద బతకడం కష్టం.

మిన్నెసోటా_చలిమంట
మంగళవారం, ఉదయం 8:03

ఆ 40-3 నేను మర్చిపోలేదు అన్నా. మా డిఫెన్స్ బలహీనమే, దాచను. కోల్ట్స్ లాంటి జట్టుకి మొదటి సగంలో అన్ని పాయింట్లు ఇవ్వడం దానికి సాక్ష్యం. అయితే పదికి పది దగ్గరి మ్యాచ్‌లు గెలవడంలో ఒక గుణం ఉంది. ఆఖరి రెండు నిమిషాల్లో ఈ జట్టు కంగారు పడదు. ఓకానెల్‌కి హెడ్ కోచ్‌గా ఇదే మొదటి ఏడాది, ఆ నెమ్మది ఆయన్నుంచే వచ్చిందని నా నమ్మకం. డివిజన్ శనివారమే ఖాయమైంది.

ఈ శనివారం జయింట్స్ మా ఇంటికే వస్తున్నారు. జెర్సీ తమ్ముడూ, నా లెక్క 27-24, మళ్లీ చివరి కిక్. మీ బార్క్‌లీని ఆపగలిగితేనే సుమా.

జెర్సీ_జయింట్
మంగళవారం, ఉదయం 8:19

24-20, మాది. టిబడో ఇప్పుడున్న ఫామ్‌లో కజిన్స్‌కి స్క్రీన్ పాస్ వేసే టైమ్ కూడా ఇవ్వడు. శనివారం మ్యాచ్ మొదలవగానే కొత్త చర్చ తెరుస్తాను, అందరూ అక్కడికి రండి.